క్యాన్సరు మాత్రకూ బీమా ఇవ్వాలి

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల, కొల్లేరు లంక గ్రామాల ప్రజలకు విజ్ఞప్తి

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం వైద్య ఖర్చులో మొదటి రెండున్నర లక్షలు బీమా కంపెనీలు కట్టాలి. పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరించాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకంలోకి బీమా కంపెనీలు మళ్లీ వస్తున్నాయన్నమాట. వాటితో చేసుకునే ఒప్పందంలో ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఇంట్లో వేసుకునే మాత్రకూ, ఆ మాత్ర ఎవరికి పనిచేస్తుందో తేల్చే జన్యు పరీక్షకూ చోటుండాలి. మేము అడిగేది అదే.

ఈ జబ్బుకు పొగాకే పెద్ద కారణం. చుట్టా బీడీ మానమని ఇంటింటికీ చెప్పాల్సిందే. కానీ పొగ తాగడమే ఎరగని ఆడవాళ్లకూ ఇది వస్తోంది. కట్టెల పొయ్యి పొగ కూడా ప్రమాదకరమే. పొగ తాగనివాళ్లలోనే ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సరులో అడినోకార్సినోమా అనే రకం వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఈ మార్పు ఉంటుంది. వాళ్లకు రోజుకో మాత్ర కీమో కంటే మెరుగ్గా పనిచేస్తుంది.

అక్కడిదాకా చేరడమే కష్టం. దగ్గు తగ్గదు, ఎక్స్‌రేలో మచ్చ కనపడుతుంది, టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగుతారు. ఆ తర్వాత సీటీ స్కాను, ముక్క పరీక్ష, జన్యు పరీక్ష. స్కాన్ కవరు చంకలో పెట్టుకుని విజయవాడకో గుంటూరుకో తిరుగుడు. చాలావరకు ఓపీలోనే అయిపోయే పనులివి. ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి ఆ బిల్లులు చాలాసార్లు చేతి డబ్బుతోనే కట్టుకోవాలి.

ప్రైవేటు పాలసీలు చాలావరకు ఇప్పటికీ ఆస్పత్రి మంచాన్ని చూసే డబ్బిస్తాయి. 24 గంటలు చేరి ఉండాలి, లేదా డే కేర్ చికిత్స అయి ఉండాలి. ఇంటికొచ్చాక అయ్యే మందుల ఖర్చు చాలా పాలసీల్లో 60 రోజుల వరకే. ఇక మాత్ర సంగతి చూడండి. 2018లో వెలువడిన ఫ్లౌరా అధ్యయనంలో ఒసిమెర్టినిబ్ అనే మాత్ర వాడినవాళ్లలో జబ్బు సుమారు 19 నెలలు అదుపులో ఉంది. అన్ని నెలల మందుకు రెండు నెలల బీమా ఏ మూలకు?

మాత్ర రూపంలోని కీమోనూ, ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్లనూ పాలసీల నుంచి తీసేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. అయితే పరిమితి పెట్టుకునే వీలు కంపెనీలకు వదిలేసింది. ఆ పరిమితి పాలసీ కాగితాల వెనక పట్టికలో ఎక్కడో ఒక గడిలో ఉంటుంది. మీ పాలసీ తీసి ఇవాళే ఆ గడి వెతకండి.

ఈ మాత్రల్లో గెఫిటినిబ్‌ను హైదరాబాదు నాట్కో వంటి మన కంపెనీలే చేస్తున్నాయి కాబట్టి నెలకు కొన్ని వేలల్లో దొరుకుతుంది. ఒసిమెర్టినిబ్ పూర్తి ధరకు కొంటే నెలకు లక్ష దాటుతుంది. 2024లో కేంద్రం దానిపై కస్టమ్స్ సుంకం ఎత్తేసి, జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. అయినా చేపల చెరువు మీద కాపలా ఉండే మనిషి కొనగలిగే మందు కాదది. ఖర్చు మోయలేమని కంపెనీలు అనవచ్చు. కానీ టాటా మెమోరియల్ ఆస్పత్రి ముందుండి నడిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఆస్పత్రులు కలిసి బేరమాడి మందుల ధరలు బాగా దింపించాయి. రాష్ట్రం మొత్తానికీ కొనే ప్రభుత్వం ఆ బేరం ఆడలేదా?

ఇంకొకటి. ఇంత ఖరీదైన మందుకు రెండున్నర లక్షలు రెండు మూడు నెలల్లో అయిపోతాయి. కంపెనీ వంతు ముగిసి ట్రస్టు వంతు మొదలయ్యేటప్పుడు, కొత్త అనుమతి రాలేదని ఒక్క రోజు కూడా మాత్ర ఆగకూడదు. ఇది ఒప్పందంలో స్పష్టంగా రాయాలి.

సొంతంగా పాలసీ తీసుకునేవాళ్లు దరఖాస్తు ఏజెంటుకు వదిలేయకండి. చుట్ట అలవాటునూ, పాత టీబీనీ దాచకుండా రాయించండి. దాచారన్న కారణంతోనూ క్లెయిములు పోతున్నాయి. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

2006లో ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాక పరిహారం కోసం అర్జీలు పెట్టిన అనుభవం లంక గ్రామాలకుంది. ఈసారి గ్రామసభల్లో తీర్మానం చేయండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, కొల్లేరు వైపువాళ్లు ఏలూరు కలెక్టరేటులో, తాడేపల్లిగూడెం వాళ్లు భీమవరం కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి. మందుల బిల్లుల నకళ్లు జతచేయండి. అర్జీ నంబరున్న రసీదు చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.