ఊరు మారిన బాలిక – వ్యాయామశాల ఎంపిక

తండ్రికి బదిలీ అయితే మన కుటుంబాలలో మొదట వెదికేది అద్దె ఇల్లు, ఆ తరువాత పిల్లలకు పాఠశాల. టి.సి. చేతపట్టుకుని వెళితే ఏడవ తరగతి పిల్లను ఏడవ తరగతిలోనే కూర్చోబెడతారు. కాని పోటీస్థాయిలో జిమ్నాస్టిక్స్ అభ్యసిస్తున్న బాలిక ఊరు మారితే ఏ టి.సి.యూ అక్కరకు రాదు. ఆమె నేర్చిన విద్య అంతా శరీరంలో ఉంటుంది. ఆ శరీరానికి ధైర్యమిచ్చిన కోచ్ మాత్రం పాత ఊరిలోనే ఉండిపోతారు.

ఇది మన సంచికకు దూరమైన విషయమని కొందరు మిత్రులు భావించవచ్చు. మన ప్రాంతం నుండి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలలో ఆడపిల్లను జిమ్నాస్టిక్స్‌లో చేర్చడం ఇప్పుడు వింత కాదు. ఉద్యోగం మారినప్పుడల్లా ఆ పిల్లకు కొత్త జిమ్ వెదకవలసిందే. మా అక్క ఇంట గత వేసవిలో నేను స్వయంగా చూసిన సంగతి వల్లనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

బావగారి ఉద్యోగం మారి, వారు న్యూజెర్సీ నుండి టెక్సాస్‌లోని డల్లాస్ ప్రాంతానికి వెళ్లారు. మేనకోడలికి పదకొండేళ్లు. అక్కడి జాతీయ సంస్థ అయిన యు.ఎస్.ఏ. జిమ్నాస్టిక్స్ బాలికల పోటీలను 10 స్థాయిలుగా విభజించింది. మొదటి 5 స్థాయిలలో దేశమంతటా అందరికీ ఒకే విన్యాసాల కూర్పు. ఆరవ స్థాయి నుండి ఎవరి కూర్పు వారిది. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్ అనే నాలుగింటిలోను పోటీపడాలి. మా అమ్మాయి ఆరవ స్థాయి ముగించి ఏడవదానికి సిద్ధమవుతున్నది.

బావగారు ఎంచిన జిమ్ పెద్దది. గోడ నిండా విజయపతాకాలు. ప్రవేశించగానే కళ్లు చెదిరాయి, అబద్ధమెందుకు? కాని ఆ గోడను కొలమానంగా తీసుకోవడం తప్పని నా అభిప్రాయం. గెలిచినవారి లెక్క గోడ చెబుతుంది. మణికట్టు దెబ్బతిని మధ్యలో మానినవారి లెక్క ఏ గోడమీదా ఉండదు. పైగా, పై స్థాయికి అర్హత ఉన్న పిల్లను పతకం కోసం మరొక ఏడాది క్రింది స్థాయిలోనే నిలిపివుంచే జిమ్‌లు కూడ ఉన్నాయి. అటువంటి పతకం వల్ల జిమ్‌కు పేరు వస్తుందేమో గాని పిల్లకు ఒక సంవత్సరం నష్టం.

చేరిన మూడవ వారంలో చిక్కు వచ్చింది. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 125 సెంటీమీటర్లు. దానిమీద వెనుకకు ఎగిరి, చేతులపై వాలి, తిరిగి పాదాలపై నిలవడం ఈ పిల్లకు న్యూజెర్సీలో బాగా వచ్చిన విన్యాసమే. క్రొత్తచోట ఒక్కసారిగా రాకుండాపోయింది. చేతులు పైకెత్తుతుంది, ఊపిరి బిగబడుతుంది, అక్కడే నిలిచిపోతుంది. ఈ క్రీడలో ఇది అరుదైన సంగతి కాదు. వెనుకకు చేసే విన్యాసాలలో ఇటువంటి భయం మంచి మంచి క్రీడాకారిణులకే కలుగుతుంది. అక్కడి కోచ్ దీనిని మొండితనమన్నాడు. తాడు ఎక్కి దిగమన్నాడు, మళ్లీ ఎక్కమన్నాడు. మణికట్టు నొప్పి అంటే సాకు అన్నాడు. ఎదిగే వయస్సులో ఎముకల చివర గల మెత్తని ఎదుగుదల భాగం ఇంకా గట్టిపడదు. చేతులపై పదేపదే బరువు వేసే ఈ క్రీడలో మొదట దెబ్బతినేది అక్కడే. పిల్ల చెప్పే నొప్పిని సాకుగా కొట్టివేసే మనిషికి ఆ పిల్లను అప్పగించడం ఎంతవరకు సబబు?

ఇవన్నీ మాకు వెంటనే తెలియలేదు. తల్లిదండ్రులు కూర్చునే గదికి తెర ఉండేది. అభ్యాసం మొదలుకాగానే దానిని వేసేవారు. పిల్లల ఏకాగ్రత చెడుతుందట!

ఆ తెర విషయంలో నేను మా బావగారితో గట్టిగానే వాదించాను. అందుకు కారణమున్నది. అమెరికా జాతీయ జట్టు వైద్యుడుగా ఉండిన లారీ నాసర్ చికిత్స మిషతో ఎన్నో ఏళ్లు బాలికలపై అత్యాచారాలు సాగించాడు. 2016లో ఇండియానాపోలిస్ స్టార్ పత్రిక ద్వారా అది బయటపడింది. 2018 జనవరిలో 150 మందికి పైగా బాధితులు, వారి తరఫువారు మిషిగన్ న్యాయస్థానంలో నిలబడి తమ గోడు వినిపించిన మీదట అతనికి 40 నుండి 175 సంవత్సరాల శిక్ష పడింది. అతడు కొన్ని సందర్భాలలో తల్లి అదే గదిలో ఉండగానే ఈ పని చేశాడు. అంటే తెర తీసినంతమాత్రాన సరిపోదు. పిల్ల నోరు తెరిచి 'నాకిది బాధగా ఉంది' అని చెప్పగల వాతావరణం ఉండాలి, చెప్పినప్పుడు పెద్దలు నమ్మాలి. నొప్పిని అణచుకోవడమే క్రమశిక్షణ అని నేర్పినచోట ఇటువంటి దుర్మార్గులకు దాగుకొనే తావు దొరుకుతుంది. ఇప్పుడు నిషేధింపబడిన శిక్షకుల జాబితాను ఆ సంస్థ బహిరంగంగానే ఉంచుతున్నది. చేర్చేముందు దానిని చూడడానికి పది నిమిషాలు చాలు. మా బావగారు ఇంటి అద్దె ఒప్పందం చదవడానికి రెండు రోజులు తీసుకున్నారు, దీనిని చూడలేదు.

రెండవ జిమ్ చిన్నది, ఇంటికి మరికాస్త దూరం. రెండు మూడు రోజులు ఉచితంగా అభ్యాసానికి రానిచ్చి ఆ తరువాతనే నిర్ణయించుకొమ్మన్నారు. కిటికీకి తెర లేదు. అక్కడి కోచ్ పిల్లను మొదట అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తున్నది: "మీ పాత కోచ్ ఎడమవైపు నిలబడేవారా, కుడివైపా?" ఎడమవైపని పిల్ల చెప్పింది. ఆమె వెళ్లి ఎడమవైపే నిలబడ్డారు. ముందు నేలమీది గీతపై, తరువాత నేలకు ఆనుకొని ఉన్న బీమ్‌పై, ఆపైన క్రింద పరుపులు పేర్చిన ఎత్తు బీమ్‌పై, ఆరువారాలు పట్టింది. ఈ ఏడాదికి ఆరవ స్థాయిలోనే ఉంచుతామని చెప్పినప్పుడు బావగారి ముఖం చిన్నబోయింది. కారణం అడిగితే మాత్రం ఆ కోచ్ పావుగంటసేపు విడమరచి చెప్పారు. పతకం కోసం ఆపడానికీ, పిల్ల కోసం ఆపడానికీ గల తేడా ఆ పావుగంటలో తెలిసిపోతుంది.

దుస్తుల విషయం కూడ మా అక్క అడిగింది. మన ఇళ్లలో ఇది చిన్న ప్రశ్న కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ యువతులు చీలమండల వరకు కప్పే దుస్తులతో పోటీచేశారు; అంతర్జాతీయ నిబంధనలు అందుకు అనుమతిస్తాయి. ఈ ప్రశ్నకు నవ్వే జిమ్ అయితే మరొకటి వెదుక్కోవచ్చు.

మెత్తగా ఉంటే పతకాలు రావని వాదించేవారున్నారు. అగర్తలా వంటి చోట, చాలీచాలని పరికరాల మధ్య, బిశ్వేశ్వర్ నంది శిక్షణలో పెరిగిన దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో 15.066 మార్కులతో నాలుగవ స్థానంలో నిలిచింది. కాంస్యం 0.150 తేడాతో చేజారింది. ఆమె వెనుక ఉన్నది పరికరాల ఆర్భాటం కాదు, ఏళ్ల తరబడి పెనవేసుకున్న గురుశిష్య బంధం. ఇక అమెరికాలోని గాబ్రియెల్ డగ్లస్ 14 ఏళ్ల వయస్సులో తల్లిని ఒప్పించి, వర్జీనియా నుండి అయోవా రాష్ట్రానికి వెళ్లి, వేరొకరి ఇంట ఉంటూ లియాంగ్ చౌ వద్ద శిక్షణ పొందింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచింది. ఒకరు ఊరు వీడలేదు, ఒకరు వీడారు. ఇద్దరికీ దొరికింది తాము నమ్మిన గురువు. గాబ్రియెల్ విషయంలో ఎంపిక కూడ ఆ పిల్లదే అన్నది మన పెద్దలు తరచు మరచే సంగతి.

హైదరాబాదు బాలిక అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్ వాల్ట్‌లో కాంస్యం గెలిచిన తరువాత మన జిల్లాలలోను ఈ క్రీడపై మక్కువ కలిగింది. మన కళాశాల కమిటీవారు ఏనాడైనా బాలికలకు శిక్షకులను నియమిస్తే, అభ్యర్థి తెచ్చిన సర్టిఫికెట్లు చూసినంత శ్రద్ధగా ఒక పూట అతని అభ్యాసాన్ని కూడ కూర్చుని చూడవలసిందని మనవి.

మొన్న ఫోనులో మేనకోడలు మాట్లాడింది. ఎత్తు బీమ్‌పై ఎవరి సాయం లేకుండా మూడుసార్లు చేసిందట, నాలుగవసారి పడిందట. దెబ్బ తగిలిందా అంటే, "తగిలింది మామయ్యా, కోచ్‌కు చెప్పాను, ఇవాళ్టికి చాలన్నారు" అన్నది. పతాకాలున్న జిమ్‌లోనే ఉంచి ఉంటే ఈపాటికి ఏడవ స్థాయిలో ఉండేదని బావగారు ఇంకా అంటూనే ఉన్నారు.