తిథి చెప్తే మార్కు లేదు

"ఇవాళ తేదీ ఎంత మామ్మగారూ?" అన్నాడా కుర్రాడు, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

మా మేనత్త తడుముకోలేదు. "శ్రావణ శుద్ధ ఏకాదశి నాయనా. ఆశ్లేష కార్తె నడుస్తోంది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఉపవాసంతో లాక్కొచ్చారు నన్ను."

ఆ గడిలో సున్నా పడింది.

వందలోంచి ఏడు తీసేసుకుంటూ పొమ్మన్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు దాకా వచ్చి ఆగింది. "ఇంతకీ ఈ ఏడేసి రూపాయలూ ఎవరికిస్తున్నాం?" అంది. యాభై ఏళ్లు పాలవాడి పద్దు, చీటీల పద్దు నోటితోనే నడిపిన మనిషి. ఎవరికో తెలియకుండా డబ్బు తీసెయ్యడం ఆవిడకి లెక్క కాదు, దుబారా. ఒక వాక్యం రాయమంటే, "రాయడం రాదు బాబూ, నేను చెప్తా, నువ్వు రాసుకో" అంది. ఒకదాన్నొకటి కరుచుకున్న రెండు ఐదు మూలల బొమ్మలు చూపించి, అలాగే గియ్యమన్నాడు. పదిహేను చుక్కల ముగ్గు చెయ్యెత్తకుండా వేసే వేళ్లు పెన్నుతో తంటాలు పడ్డాయి. ముప్పైకి పదిహేడు.

బయటికొచ్చాక మా అన్నయ్య అన్న మాట నాకింకా మండుతూనే ఉంది. "చాదస్తం అనుకున్నాం కానీ, రోగమేనన్నమాట." రెండూ కాదు. ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరుగారు గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడి, ఆవిడకి తగ్గింది వినికిడి అని తేల్చి, చెవికి మిషను పెట్టించారు. ఇప్పుడు మళ్లీ ఎవరింట్లో పెళ్లైనా గోత్రాలు ఆవిణ్ణే అడుగుతున్నారు.

మతిమరుపు జబ్బుని, అంటే డిమెన్షియాని, పట్టడానికి చేసే ఆ పరీక్ష 1975లో అమెరికాలో పుట్టింది. చెడ్డదని నేననను. పది నిమిషాల్లో అయిపోతుంది, చదువుకున్నవాళ్ల విషయంలో బాగానే పనికొస్తుంది. బడి గడప తొక్కనివ్వని మనిషి ముందు పెడితేనే వస్తుంది చిక్కు. మా అత్తకి పన్నెండేళ్లున్నప్పుడు, 1961 జనాభా లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు నూటికి పన్నెండు మంది. మిగిలిన ఎనభై ఎనిమిది మందికీ పలక ఇవ్వకుండా పెంచి, ఇన్నేళ్లకి పెన్ను చేతికిచ్చి, గియ్యలేకపోయావు కాబట్టి నీ మెదడు పాడైందంటున్నాం. హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల ముసలివాళ్ల కోసం ఇదే పరీక్షని అక్షరం రానివాళ్లకీ సరిపోయేలా 1990లలోనే హిందీలో తిరగరాశారు. తెలుగులోనూ ఇలాంటి పని హైదరాబాదులో జరిగింది. మా అత్త ముందు పెట్టిన కాగితానికి ఆ కబురు అందినట్టు లేదు.

దీనికి ఎదురు కథ మా వీధిలోనే ఉంది. రిటైరైన తెలుగు టీచరుగారు. రెండుసార్లు స్టవ్ మీద గిన్నె మాడ్చి, మనవణ్ణి బడి దగ్గర మర్చిపోయి, తనంతట తనే డాక్టరు దగ్గరికెళ్లారు. అక్కడ అదే పరీక్షలో, చెప్పిన మాటలన్నీ గడగడా ఒప్పచెప్పేశారు. మీకేం లేదు, విశ్రాంతి తీసుకోండన్నారు. రెండేళ్ల తర్వాత గానీ జబ్బు పేరు బయటికి రాలేదు. విన్న మాటల్ని గుర్తు పెట్టుకోవడంలో ఆడవాళ్లు సగటున మగవాళ్లకంటే ముందుంటారని, వయసు మళ్లినా ఆ ముందంజ నిలుస్తుందని పరిశోధకులు ఎప్పటినుంచో చెప్తున్నారు. అయినా చాలాచోట్ల, జబ్బుందో లేదో తేల్చే మార్కుల గీత ఇద్దరికీ ఒక్కటే. కాబట్టి జబ్బు మొదలైనా ఆడమనిషి ఇంకా ఆ గీతకి పైనే కనిపిస్తుంది. తీరా కిందికి జారాక, "ఇంత హఠాత్తుగానా!" అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. ఒకే కాగితం, లేని రోగాన్ని మా అత్తకి అంటగట్టింది, ఉన్న రోగాన్ని టీచరుగారిలో దాచింది.

ఆడవాళ్ల మెదడు ఏమైనా నాసిరకమా అంటే, 2019లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు 20 నుంచి 82 ఏళ్ల మధ్యనున్న 205 మందికి స్కాన్‌లు తీసి చూశారు. చక్కెరనీ ఆక్సిజన్‌నీ వాడుకునే తీరుని బట్టి, ఆడవాళ్ల మెదడు అదే వయసు మగవాళ్ల మెదడుకంటే సగటున 3.8 ఏళ్లు పడుచుగా ఉంది. 2025లో ఓస్లో నుంచి వచ్చిన పెద్ద అధ్యయనంలో, వయసుతో కుంచించుకుపోవడం మగవాళ్ల మెదడులోనే ఎక్కువ చోట్ల కనిపించింది. అయినా అమెరికాలో అల్జీమర్స్ రోగుల్లో మూడింట రెండొంతులు ఆడవాళ్లే. మన దేశంలో 60 దాటిన ఆడవాళ్లలో నూటికి 9 మందికి, మగవాళ్లలో ఆరుగురి లోపు డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి అంటారు. అది కొంత నిజమే. మన దగ్గర చదువు లేకపోవడం ఇంకో పెద్ద ముక్క. మిగతా కారణాల సంగతో? ముట్లుడిగేటప్పుడు మెదడులో ఏం జరుగుతుంది, ఒకే జన్యువు ఆడవాళ్లని ఎందుకు ఎక్కువ పట్టుకుంటుంది?

వెతికితే కదా తెలిసేది. మెదడు మీద జరిగిన పరిశోధనల్లో ఒక్క మగ జంతువులనే వాడినవి, ఒక్క ఆడ జంతువులనే వాడినవాటికి అయిదున్నర రెట్లున్నాయని 2011లో లెక్క తేలింది. ఎందుకయ్యా అంటే, ఆడ ఎలుకకి హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, లెక్కలు చెదురుతాయన్నారు. మూడేళ్ల తర్వాత ఎవరో ఓపిగ్గా కూర్చుని లెక్కలన్నీ కలిపి చూస్తే, ఆడ ఎలుకలు మగవాటికంటే ఎక్కువ చెదిరిందేమీ లేదు. ఎలుకల్లోనూ ఆడపుట్టుకకి చాదస్తం పేరే! అల్జీమర్స్ జబ్బుతో వైద్యులు మొదట చూసిన రోగి కూడా ఒక ఇల్లాలే. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆసుపత్రిలో చేర్చిన 51 ఏళ్ల అగుస్టె డేటర్. జబ్బుకి డాక్టరుగారి పేరు పెట్టారు.

ఇక చదువు రాని మెదడు సంగతికొద్దాం. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో చెప్పిన మాట మనవాళ్లెంతమందికి తెలుసు? రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగులో బేరమాడి ఉర్దూలో చిల్లర తిరిగిచ్చే అమ్మ నెత్తి మీద కూరల తట్ట మాత్రమే లేదన్నమాట. ఆవిడ మెదడు చేసే కసరత్తుకి ఏ ఫారంలో గడి ఉంది? బంధువుల వరసలు నాలుగు తరాల వెనక్కి, ఏ పచ్చడికి ఏ పాళ్లు, ఏ కార్తెకి ఏ విత్తు, వందల మంగళహారతులు, అన్నీ తలలోనే పెట్టుకు తిరిగే మనిషిని మనం చదువురానిదంటాం. మర్చిపోతే చాదస్తమంటాం, గుర్తుండి చెప్తే అదీ చాదస్తమే.

డాక్టరుగార్లూ, పరీక్ష మొదలెట్టే ముందు ఆవిడ చెవులు పనిచేస్తున్నాయో లేదో చూడండి. బడికెళ్లిందా అని అడగండి. ఆడవాళ్లకి గీత వేరుగా గియ్యండి. ఇంట్లోవాళ్లూ, అమ్మ వండే పులుసులో రెండుసార్లు ఉప్పు పడితే నవ్వి ఊరుకోకండి, తీసుకెళ్లి చూపించండి. తేదీ గడి పక్కన, దయచేసి, తిథికి కూడా ఒక మార్కు పెట్టండి.