గుస్స కాదు, బుగులు

దగ్గరికి తీయబోతే రాని ప్రాణి ఏదైనా సరే, మన ఇళ్లల్లో దానికి వెంటనే ఒక పేరు పడిపోతుంది. ఒళ్లో కూర్చోని పిల్లి పొగరుబోతు. కొత్త చేతికి పాలు చేపని బర్రె మొండిది. కొత్తింట్లో పట్టుమని పది మాటలు మాట్లాడని కోడలికి గర్వం. పది నెలలుగా మా ఇంట్లో ఒక ముళ్ల ప్రాణి ఉంటోంది. దాన్ని చూసిన వాళ్లంతా మొదట అనే మాట ‘అబ్బో, దీనికెంత కోపమో!’ అని. ఫొటో చూసి ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్లు ఇప్పటికి ముగ్గురయ్యారు. అందులో ఒకామె కొడుకు పుట్టినరోజుకి కొనిద్దామనుకుంటోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కొనకండి. కానీ ఇప్పటికే మీ ఇంటికి వచ్చేసి ఉంటే, తిట్టుకోకుండా దాన్ని ఎలా చూసుకోవాలో కూడా చెప్తాను. వచ్చిన ప్రాణి తనంతట తాను రాలేదు కదా.

దాన్ని హెడ్జ్‌హాగ్ అంటారు. మా అత్తమ్మ మొదటిసారి చూసి, “ఏందే ఇది, ఏదుపంది పిల్లనా? ఇంట్ల ముండ్లు పెట్టుకుంటరా ఎవలన్న?” అంది. ఏదుపంది వేరు. అది ఎలుక జాతి, చేన్లలో దుంపలు తవ్వుకు తింటుంది, దాని ముళ్లు జానెడు పొడవుంటాయి, ఊడి గుచ్చుకుంటాయి. ఇది అరచేతిలో పట్టేంత. ముళ్లు అంగుళం లోపే. ఎలుక కూడా కాదు, చుంచులకు దగ్గరి చుట్టం. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి దీనికి మంచి పేరు పెడదామని రెండు రోజులు ఆలోచించాను. చివరికి అత్తమ్మ పిలిచిన ‘బుడ్డోడు’ ఖాయమైంది. అది ఆడది. అయినా ఆ పేరు పోలేదు.

మా మరిది కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. ఫోన్‌లో వీడియోలు చూసి కొన్నాడు. వీడియోలో అది టీకప్పులో కూర్చుని పొట్ట చూపిస్తుంది. వీడి గదిలో మాత్రం చెయ్యి పెట్టగానే బంతిలా చుట్టుకుని బుస్సుమనేది. మూడు నెలలకు విసిగిపోయి బుట్టలో పెట్టుకుని నల్లగొండ బస్సెక్కాడు. “పెద్దమ్మా, ఒక్క నెల నీ దగ్గర పెట్టుకో. దానికి నేనంటే పడ్తలేదు” అన్నాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

దాని కోపం సంగతి మొదట కనిపెట్టింది అత్తమ్మే. ఆమెకు రాత్రుళ్లు నిద్ర పట్టదు. ఇదేమో రాత్రి ప్రాణి. పగలంతా గుడ్డల్లో దూరి నిద్రపోయి, ఎనిమిదిన్నర తొమ్మిదికి లేచి తెల్లారేదాకా తిరుగుతుంది. ఆమె మంచం మీద కూర్చుని జపమాల తిప్పుకుంటుంటే ఇది తన చక్రం తిప్పుకుంటుంది. నాలుగైదు రాత్రులు అలా చూశాక ఒకరోజు పొద్దున్నే నాతో, “గుస్స కాదే, బుగులు దానికి. ఎవలు లేనప్పుడు మంచిగనే తిరుగుతుంది. నువ్వు పోంగనె ముడుసుకుంటది” అంది. నేను తర్వాత చదివి తెలుసుకున్నదంతా ఆ రెండు మాటలకు వివరమే.

అడవిలో దీన్ని తినేవి గుడ్లగూబల్లాంటివి, పైనుంచి వస్తాయి. మనం చెయ్యి పెట్టేది కూడా పైనుంచే. కళ్లు సరిగా కనబడవు, ముక్కూ చెవులే ఆధారం. పరుగెత్తి తప్పించుకునే కాళ్లు కావు. దాని దగ్గరున్నదల్లా ఆ ఐదు వేల దాకా ఉండే ముళ్లు, వాటి కింద సంచి మూతి బిగించినట్టు బిగుసుకునే ఒక కండరం. నుదుటి ముళ్లు కళ్ల మీదికి లాక్కుంటే మనకు ముఖం చిట్లించినట్టు కనబడుతుంది. నిజానికి అది ముఖం దాచుకోవడం.

పట్టుకునే పద్ధతి ఇది. పగలు లేపకండి. మధ్యాహ్నం రెండింటికి మనల్ని లేపి ఒళ్లో కూర్చోమంటే మనమైనా బుస్సుమంటాం. రాత్రి పెద్ద లైటు ఆర్పి, చేతులు వాసన లేకుండా కడుక్కుని వెళ్లండి. తలనూనె, మల్లెపూలు, పౌడరు ఏదైనా సరే, దానికి మనం రోజుకో కొత్త మనిషిలా అనిపిస్తాం. నేను రోజూ కట్టుకునే పాత నూలు చీర ముక్క ఒకటి ఉతక్కుండా దాని పక్కలో వేశాను. వారంలో నా వాసన దానికి ఇంటి వాసన అయింది. ముందు మెల్లగా మాట్లాడి, రెండు అరచేతులూ పక్కలనుంచి నేలకు ఆనించి పొట్ట కిందికి పోనిచ్చి ఎత్తాలి. పొట్ట మీద ముళ్లుండవు, మెత్తటి బొచ్చే. వేలితో పొడిచి చూడటం, చెయ్యి పెట్టి తీసి మళ్లీ పెట్టడం పనికిరావు. మన తడబాటు దానికి వెంటనే తెలుస్తుంది. చేతి తొడుగులు వేసుకుంటే మన వాసన తెలియదు, దాని కదలిక మనకు తెలియదు. మరీ భయమైతే మొదటి రోజుల్లో మడిచిన తువ్వాలు చాలు.

ఎత్తాక ఒళ్లో పెట్టుకుని ఊరుకోవాలి. ఇదే అందరికీ కష్టం. విప్పుదామని లాగొద్దు, ముక్కు తడమొద్దు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చునేదాన్ని. మొదటి రోజు నలభై నిమిషాలు బంతిలాగే ఉంది. బుసకొడుతున్నప్పుడు మాత్రం తిరిగి పెట్టెలో పెట్టకండి, బుసకొడితే వదిలేస్తారని నేర్చుకుంటుంది. కాస్త నెమ్మదించాకే దింపాలి. రోజూ అరగంట, అదే సమయానికి. పదమూడో రోజు ముక్కు బయటపెట్టింది. నెలన్నరకు నా మోచేతి మడతలో దూరి పడుకుంది. ఇప్పటికీ మా ఆయన దగ్గితే ముడుచుకుంటుంది. దానికి నేను చేయగలిగిందేమీ లేదు, ఆయన దగ్గు అలాంటిది.

రెండు నుంచి నాలుగు నెలల వయసులో పిల్ల ముళ్లు రాలి పెద్ద ముళ్లు వస్తాయి. పళ్లొచ్చే పసివాడి చిరాకు ఎలాంటిదో తల్లులకు చెప్పక్కర్లేదు. మావాడు దాన్ని కొన్నది సరిగ్గా ఆ వయసులోనే. కొత్త వాసన తగిలితే నోట్లో నురగ చేసుకుని మెడ వంచి వీపుకు పూసుకుంటుంది. నేను సబ్బు మార్చిన రోజు అలా చేస్తే మా ఆయన ఫిట్స్ అనుకుని ఇల్లంతా పరుగులు పెట్టారు. అది దాని అలవాటే, జబ్బు కాదు. కానీ మచ్చికైనది ఉన్నట్టుండి మళ్లీ ముడుచుకుంటూ ఉంటే అనుమానించాలి. చర్మం పొట్టు రాలుతూ ముళ్లు ఊడుతుంటే పురుగు పట్టి ఉండొచ్చు. నడక తూలితే, పొట్ట చల్లగా తగిలితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

తిండి సంగతి. పాలు పోయకండి, అరగవు. మన చేతులు ముందు పాలగిన్నె దగ్గరికే వెళ్తాయి కాబట్టి చెప్తున్నాను. కొవ్వు తక్కువున్న పిల్లి తిండి గుళికలు, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడికూర, కాస్త గుడ్డు, అప్పుడప్పుడు ఎండబెట్టిన పురుగులు. ఆ పురుగుల పొట్లం కొరియర్‌లో వచ్చిన రోజు అత్తమ్మ దాన్ని దేవుడి అర్ర దాటనివ్వలేదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష అసలే వద్దు.

ఇక కొనొద్దని ఎందుకంటున్నానంటే.

దీనికి 24 నుంచి 29 డిగ్రీల మధ్య వేడి ఉండాలి. మే నెలలో మన నల్లగొండ ఎండ 45 దాటడం ఎవరికీ కొత్త కాదు. ఆఫ్రికా జంతువు కదా, ఎండ దానికొక లెక్కా అని మీరనొచ్చు, మావాడూ అదే అన్నాడు. ఆఫ్రికాలో అది ఎండవేళ మట్టి బొరియలోనో, చెదపుట్టలోనో, రాళ్ల సందులోనో దూరి ఉంటుంది. ఇక్కడ డాబా గదిలో ప్లాస్టిక్ డబ్బాలో ఎక్కడ దూరుతుంది? పోయిన వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఇది నాలుగు కాళ్లూ చాపి నేలకు అంటుకుపోయేది. తడిగుడ్డ కప్పిన కుండ పక్కన పెట్టి, షాబాదు బండ మీద పడుకోబెట్టి కాపాడుకున్నాం. చలికాలం ఇంకో బాధ. గది 20 డిగ్రీల కంటే చల్లబడితే చలినిద్రలోకి జారబోతుంది, ఈ జాతికి అది ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు ఒంటికి హత్తుకుని మెల్లగా వేడి చేయాలి. డిసెంబర్ తెల్లవారుజాములు నేనలా కూర్చున్నాను.

మా పట్టణంలో పశువుల డాక్టరు గారు మంచివారు. బర్రె, మేక, కోడి, ఈమధ్య కుక్క కూడా చూస్తారు. దీన్ని చూసి, “అమ్మా, ఇది మేం చదువుకున్న పశువు కాదు” అని నిజం చెప్పేశారు. తెలిసినవాళ్లు కావాలంటే వంద కిలోమీటర్లు, హైదరాబాద్. రాత్రి పది గంటలకు అది తూలుతూ నడిస్తే ఏ బస్సెక్కుతాం?

చిన్న పిల్లలున్న ఇళ్లకు ఇంకో మాట. వీటి రెట్టలో సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు, జంతువు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. 2019లో అమెరికాలో హెడ్జ్‌హాగ్‌లు పెంచుకున్న ఇళ్లల్లో మనుషులకు ఆ జబ్బు సోకితే, ముద్దులు పెట్టకండి, ముఖానికి ఆనించుకోకండి అని అక్కడి సీడీసీ హెచ్చరించింది. కాలిఫోర్నియా లాంటి చోట్ల అసలు పెంచుకోనివ్వరు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకూడదు. ఐదేళ్ల పిల్లాడితో ఇవన్నీ రోజూ చేయించేది ఎవరు?

అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. రాత్రంతా పరుగెత్తుతూ చక్రం మీదే రెట్ట వేస్తుంది. పొద్దున్నే ఆ చక్రం కడిగేది ఎవరు? వీడియో తీసేది ఒకరు, రొచ్చు ఎత్తేది ఒకరు. పుట్టినరోజు కానుక పిల్లాడికే ఇస్తాం, చాకిరీ మాత్రం తల్లి పేరున రాస్తాం. నాకు ఆ ప్రాణి అంటే ఇష్టమే, చక్రం కడగడం కూడా అలవాటైపోయింది. కానీ అడిగి ఒప్పుకున్న పనికీ బుట్టలో వచ్చిపడ్డ పనికీ తేడా ఉంది. పిల్లల సరదా తీరాక ఇంట్లో మిగిలే ప్రాణులన్నీ ఆడవాళ్ల లెక్కలోకే రావడం నాకు నచ్చదు. ముద్దుగా ఉండదని తెలిశాక ఆ సరదా తీరడానికి మూడు నెలలు కూడా పట్టదు.

కొనకపోయినా చేనులో దొరికితే తెచ్చుకోవచ్చా అని ఒకామె అడిగింది. వద్దమ్మా. మన దేశంలోనూ వీటి జాతులున్నాయి. మద్రాస్ హెడ్జ్‌హాగ్ అని ఒకటి దక్షిణాదిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, తమిళనాడు, ఆంధ్ర, కేరళ మెట్ట నేలల్లో ఉంటుంది. తమిళనాడు పల్లెల్లో పిల్లల దగ్గుకు మందని వాటి ముళ్లూ తోలూ వాడతారట, ఆ పేరున కూడా చంపుతున్నారు. అడవి జంతువును పట్టి తేవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కనబడితే కుక్కల్ని అదిలించి దాని దారిన దాన్ని పోనివ్వండి, లేదా అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

మావాడు మొన్న ఫోన్ చేసి, “పెద్దమ్మా, ఇప్పుడు మంచిగ అలవాటయ్యింది కదా, అమ్మేద్దామా, రేటొస్తది” అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తమ్మ మాల పక్కన పెట్టి, “ముందుగాల నిన్నమ్ముత” అంది. ఇవి మూడు నుంచి ఐదేళ్లు బతుకుతాయి. అంటే ఇంకో రెండు మూడు ఎండాకాలాలైనా మాతో ఉంటుంది. మార్చి వచ్చేలోపు కింది అర్ర కిటికీకి వట్టివేళ్ల తడక కట్టించాలి. ఆ తడక ఎక్కడ మంచిది దొరుకుతుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.