అప్పు తీర్చేది ఎవరు?

2022 ఏప్రిల్ 12న శ్రీలంక తన విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. అప్పటికి ఆ దేశం బయటివారికి చెల్లించవలసిన మొత్తం దాదాపు 5,100 కోట్ల డాలర్లు. మే నెల మొదటి వారానికి ఖజానాలో వాడుకోదగిన విదేశీ మారక ద్రవ్యం 5 కోట్ల డాలర్లకు లోపే మిగిలిందని ఆర్థికమంత్రి పార్లమెంటులో స్వయంగా చెప్పారు. ఈ పతనాన్ని ఆర్థికవేత్తలు పలు విధాలుగా విశ్లేషించారు. మైనారిటీ సమాజంగా మనం అడగవలసిన ప్రశ్న వేరు. దేశం ఈ స్థితికి జారుతున్న కాలంలో పాలకుల దృష్టి దేనిమీద ఉంది? దివాలా తర్వాత ఆ భారం ఎవరి తలకు చుట్టుకుంది?

2019 ఏప్రిల్‌లో ఈస్టర్ నాటి ఘోరమైన బాంబు దాడుల తర్వాత ముస్లిం సమాజం యావత్తూ అనుమానపు నీడలో పడింది. ఆ భయం మీద, జాతీయ భద్రత నినాదం మీద అదే ఏడాది నవంబరులో కొత్త అధ్యక్షుడు అధికారానికి వచ్చారు. రాగానే విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి కోశారు. రాబడి కుప్పకూలింది. ఇంతలో కోవిడ్ వచ్చి పర్యాటకాన్ని స్తంభింపజేసింది. రుణదాతలతో మాట్లాడి గడువు కోరవలసిన సమయం అదే. ప్రభుత్వం మాత్రం ఆ రోజుల్లో కోవిడ్‌తో మరణించిన ముస్లింల భౌతికకాయాలకు ఖననం నిరాకరించి బలవంతంగా దహనం చేయించే పనిలో పట్టుదల చూపింది. ఖననం చేసినా ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నా వినలేదు. ఇరవై రోజుల పసికందును సైతం తల్లిదండ్రుల సమ్మతి లేకుండా దహనం చేశారు. కొలంబోలోని ఆ శ్మశానవాటిక గేటుకు పౌరులు తెల్లని గుడ్డ పీలికలు కట్టి నిరసన తెలిపారు. కట్టినవారిలో ముస్లిమేతరులూ ఉన్నారు. 2021 ఫిబ్రవరి చివరలో గానీ ఆ ఉత్తర్వు సడలలేదు. 2024 జూలైలో ప్రభుత్వం క్షమాపణ కోరింది. మంత్రివర్గంలో ముస్లిం మంత్రి ఉండగానే ఇదంతా జరిగిందన్నది కూడా గుర్తుంచుకోదగినదే. సభలో కుర్చీ దొరకడం వేరు, నిర్ణయంలో మాట చెల్లడం వేరు.

ద్వేషం రూపాయి విలువను నిలబెట్టదు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించినప్పుడు అంపార ముస్లిం రైతు పొలం ఎండినట్లే అనురాధపురం సింహళ రైతు పొలమూ ఎండింది. బియ్యంలో స్వయం సమృద్ధి సాధించిన దేశం బియ్యాన్ని దిగుమతి చేసుకోవలసి వచ్చింది. 2022 సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరింది. గ్యాస్ కోసం, పెట్రోలు కోసం, పాలపొడి కోసం బారులు తీరిన జనంలో ఎవరి మతమూ ఎవరికీ పట్టలేదు. ఆ ఏడాది రంజాన్ మాసంలో గాల్ ఫేస్ మైదానంలో నిరసన శిబిరాల మధ్య ఇఫ్తార్ విందుల్లో బౌద్ధులు, హిందువులు, క్రైస్తవులు ముస్లింలతో కలిసి కూర్చున్నారు. ప్రజలకు ఈ వివేకం కలిగింది. రుణదాతల ప్రపంచానికి కలిగిందా అన్నదే అసలు సందేహం.

అంతర్జాతీయ సహకారం అన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఆచరణలో అది ఎలా నడిచిందో చూద్దాం. ఆపదలో తొలుత ఆదుకున్నది మన దేశమే. 2022లో రుణ సదుపాయాలు, కరెన్సీ మార్పిడి, బకాయిల వాయిదా రూపాల్లో భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల మేర అండగా నిలిచింది. పొరుగు ధర్మంగా దీనిని మనసారా అభినందించాలి. అంతర్జాతీయ ద్రవ్యనిధి మాత్రం సుమారు 300 కోట్ల డాలర్ల సాయాన్ని ఆమోదించేసరికి 2023 మార్చి వచ్చింది. రుణదాతలు ముందుగా హామీ ఇవ్వాలన్నది షరతు. ఒకప్పుడు పారిస్ క్లబ్ దేశాలు కూర్చుంటే వ్యవహారం తేలిపోయేది. ఇప్పుడు చైనా, భారత్ పెద్ద రుణదాతలు. వారితో పాటు ప్రైవేటు బాండ్లు కొన్నవారూ ఉన్నారు. భారత్, జపాన్, ఫ్రాన్స్ సహాధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. చైనా దానిలో చేరకుండా విడిగా బేరమాడింది. బాండ్లదారులతో వ్యవహారం 2024 డిసెంబరుకు గానీ ముగియలేదు. 2020 నవంబరులో చేతులెత్తేసిన జాంబియా కూడా ఇలాగే ఏళ్ళ తరబడి వేచి ఉంది. అప్పులవాళ్ళు తమలో తాము వాదులాడుకుంటున్నంత కాలం ఆసుపత్రిలో మందులు లేక బాధపడేది ఎవరో చెప్పనక్కరలేదు.

దేశంలోపల జరిగిన సర్దుబాటు ఇంకా బాధాకరం. 2023లో దేశీయ రుణాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు బ్యాంకుల వద్దనున్న ప్రభుత్వ బాండ్లను ముట్టుకోలేదు. బ్యాంకులు కూలితే మరో సంకటం వస్తుందన్నారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ఆ భారాన్ని ఉద్యోగుల భవిష్య నిధుల మీదికి నెట్టారు. ఆ నిధులు తమ పాత బాండ్లను దీర్ఘకాలపు, తక్కువ వడ్డీ బాండ్లతో మార్చుకోవాలి, లేదా 14 శాతానికి బదులు 30 శాతం పన్ను కట్టాలి. తేయాకు తోటల కూలీలు, దుస్తుల కర్మాగారాల మహిళలు నెలనెలా జీతంలో కోసి దాచుకున్న సొమ్ము అది. పన్ను కోతల లబ్ధి పొందిన సంపన్నులను అడగవలసిన లెక్క ఈ కార్మికులను అడిగారు.

కష్టంలో ఉన్న రుణగ్రస్తునికి వీలు చిక్కేవరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 280వ వచనంలో బోధించింది. జకాత్ వ్యయానికి నిర్దేశించిన ఎనిమిది పద్దుల్లో రుణగ్రస్తులు ఒకటి. వర్తమాన వాణిజ్య లోకంలో ఇది పనికిరాని ఆదర్శమని కొందరు పెదవి విరుస్తారు. వారికి 1953 నాటి లండన్ రుణ ఒప్పందాన్ని చూపాలి. యుద్ధంలో చితికిన పశ్చిమ జర్మనీ విదేశీ రుణాల్లో దాదాపు సగం రద్దు చేసి, మిగిలినదాన్ని ఆ దేశ స్తోమతను బట్టి సుదీర్ఘ వాయిదాల్లో తీర్చేలా ఏర్పాటు చేశారు. జర్మనీ కోలుకుంది. ఆ ఒప్పందంలో భాగస్వాములైన దేశాల జాబితాలో నాటి సిలోన్, పాకిస్తాన్ పేర్లు కూడా ఉన్నాయి. నాడు జర్మనీకి వెసులుబాటు ఇచ్చిన సిలోన్ వారసులే నేడు వెసులుబాటు కోసం ఏళ్ళ తరబడి గుమ్మాలు తిరిగారు.

కనుక కోరవలసినవి స్పష్టమే. చర్చలు మొదలైన నాటినుంచే చెల్లింపులకు, వడ్డీకి విరామం ఉండాలి. ప్రభుత్వాలు, ప్రైవేటు బాండ్లదారులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. దేశీయ సర్దుబాటులో కార్మికుల పొదుపుకు రక్షణ ఉండాలి. పేద దేశాలకోసం జీ-20 రూపొందించిన ఉమ్మడి చట్రం శ్రీలంక వంటి మధ్యాదాయ దేశాలకు వర్తించదు. ఆ తలుపు తెరవాలి. వీటన్నిటికీ అడ్డు ఓటు దగ్గరే ఉంది. ద్రవ్యనిధిలో ప్రధాన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదాని చేతిలో సుమారు 16.5 శాతం ఉంది, అంటే ఆ నిర్ణయాల్లో దానికి ఇష్టం లేనిది ఏదీ జరగదు. 140 కోట్ల జనమున్న భారత్ వాటా 2.6 శాతం. 2023 డిసెంబరులో కోటాలను 50 శాతం పెంచారు గానీ ఎవరి వాటా ఎంతన్నది మార్చలేదు. 2023లో జీ-20 అధ్యక్ష స్థానం నుంచి రుణ సమస్యపై బెంగళూరులో రుణదాతలను, రుణగ్రస్తులను ఒకచోట చేర్చిన మన ప్రభుత్వం ఈ వాటాల విషయంలోనూ అంతే గట్టిగా పట్టుబట్టాలి. బయట చిన్న దేశాల గొంతు వినాలని అడిగే ప్రభుత్వాన్ని, ఇంట్లో చిన్న సమూహాల గొంతు సంగతేమిటని మనమూ అడుగుతూనే ఉంటాం.