పోవుడు గంట, వచ్చుడు మూడు గంటలు

దూరాన్ని గంటల్లో చెప్పడం మనకు అలవాటు. ఆర్మూరు నుంచి నిజామాబాదు ఎంత దూరమండీ అంటే, "బస్సులో ముప్పావు గంట" అంటామే గాని కిలోమీటర్లు చెప్పేవారు అరుదు. బస్సుకు ఈ లెక్క చాలును. విమానానికి చాలదు.

మొన్న పసుపు ఆరబోసే రోజుల్లో పక్కింటి చెల్లెమ్మ ఒక కాగితం పట్టుకొని వచ్చింది. ఆమె కొడుక్కు మలేషియాలోని కౌలాలంపూర్‌లో ఉద్యోగం. కంపెనీ పనిమీద బాంకాక్ వెళ్లి, తిరిగి కౌలాలంపూర్ వచ్చి, అక్కడినుంచి హైదరాబాదు విమానం ఎక్కాలి. మర్నాడు పొద్దున్నే చెల్లెలి వరపూజ.

"ఇగో అన్నా, నీ అల్లుడు పంపిండు. పొద్దుగాల పదింటికి ఎక్కితే బాంకాక్‌ల పదకొండు దాటంగనె దిగుతడట. మలుపుకొని వచ్చేటప్పుడు నాలుగింటికి ఎక్కితే ఏడు దాటుతదట! పోవుడు గంట, వచ్చుడు మూడు గంటలు. గిదేం లెక్క? గాలి ఎదురొస్తదా?"

గాలి కాదమ్మా, గడియారం. రెండు ఊళ్ల మధ్య ఆకాశమార్గాన సుమారు 1,200 కిలోమీటర్లు. పోయినా వచ్చినా ప్రయాణం రెండు గంటల పైచిలుకే. కాని టిక్కెట్టు మీద బయలుదేరే వేళ ఆ ఊరి గడియారానిది, దిగే వేళ ఈ ఊరి గడియారానిది. కౌలాలంపూర్ గడియారం బాంకాక్ కంటే గంట ముందు నడుస్తుంది. ఒక దుకాణం రాళ్లతో పసుపు తూచి, మరొక దుకాణం రాళ్లతో లెక్క కడితే ఎట్లా కుదురుతుంది?

చిత్రమేమంటే, ఆ రెండు నగరాలూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నవి. సూర్యుడికి లేని తేడా ప్రభుత్వాలు పెట్టినదే. 1982 జనవరి 1 నుంచి మలేషియా తన తూర్పు రాష్ట్రాలతో వేళ కలవాలని, కౌలాలంపూర్ వైపు గడియారాలను అరగంట ముందుకు జరిపింది. సింగపూరు కూడా ఆ వేళే పాటించింది.

ఇది ఉబుసుపోక చెప్పే సంగతి కాదు. చెల్లెమ్మ ఇంట్లో వారు, "విమానం రెండు గంటలే గదా, ఆరింటికల్లా దిగుతాడు" అనుకొని, ఎనిమిదిన్నరకు లేచే హైదరాబాదు విమానానికి వేరే టిక్కెట్టు కొనమని చెప్పబోతున్నారు. అతడు దిగేది ఏడుంబావుకు. విమానం లేవడానికి గంట ముందే కౌంటరు మూయడం రివాజు. మిగిలేది పావుగంట! ఈలోపల పాస్‌పోర్టు ముద్ర పడాలి, పెట్టె చేతికి రావాలి. విడివిడిగా కొన్న టిక్కెట్లయితే, రెండవది తప్పిన నష్టం మనదే.

"అయితే ఒకరోజు ముందే రావాలె. జీతం కోస్తరేమో" అని చెల్లెమ్మ కాసేపు దిగులుపడింది. చివరకు ముందే రమ్మని కబురు పెట్టింది.

పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇళ్లవారు ఒక్కటి గుర్తుంచుకోండి. మన గడియారానికి గంటన్నర కలిపితే బాంకాక్ వేళ, రెండున్నర కలిపితే కౌలాలంపూర్ వేళ. రెండు వేళలనూ ముందుగా మన గడియారానికి మార్చుకొని, ఆ తరువాతనే తీసివేత చేయండి.