ఆరోగ్య విషయాలు: ఎముకకు సున్నమొక్కటే చాలునా?

ఎముక గట్టిపడాలంటే సున్నపు ధాతువు, అనగా కాల్షియం, కావాలని మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే. పాలు, పెరుగు, రాగులు అందుకే తింటాము. కాని ఆ సున్నం చేరవలసిన చోటనే చేరాలి. ఎముకలో చేరితే బలం. రక్తనాళాల గోడలలో పేరుకుంటే అవి బిరుసెక్కి గుండెకు చేటు. ఈ రెండుచోట్లా పనిచేసే వస్తువు ఒకటున్నది. అదే 'కె' విటమిను.

డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్, కొవ్వు తీసిన మేత తిన్న కోడిపిల్లలకు నెత్తురు కారడం 1929లో గమనించాడు. ఆ లోపాన్ని తీర్చే వస్తువుకు 1935లో 'కె' అని పేరు పెట్టాడు. జర్మను భాషలో నెత్తురు గడ్డకట్టడాన్ని తెలిపే మాటకు అది మొదటి అక్షరం. 1943 సంవత్సరపు నోబెల్ బహుమానాన్ని ఆయనా, అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ డోయిసీ పంచుకున్నారు. నేడు పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలో వేసే 1 మిల్లీగ్రాము సూదిమందు ఈ విటమినే.

ఎముకల సంగతి తరువాత బయటపడింది. ఎముకలో ఆస్టియోకాల్సిన్ అనే మాంసకృత్తు ఉన్నది. రక్తనాళాలలో సున్నం పేరుకోకుండా కాచే మాంసకృత్తు మరొకటున్నది. ఈ రెండింటినీ పనికి సిద్ధం చేసేది 'కె' విటమినే. రెండవది లేకుండా పుట్టించిన చిట్టెలుకల రక్తనాళాలు సున్నం పట్టి, అవి రెండు నెలలలోనే చనిపోయినవని 1997లో ప్రకటించారు.

అట్లాగని బిళ్ళలు కొని మింగితే సరిపోతుందా? గుండె కవాటానికి సున్నం పట్టిన 365 మంది మగవారితో డెన్మార్కులో పరీక్ష జరిపారు. కొందరికి రెండేళ్ళపాటు 'కె2', 'డి' విటమినులు ఇచ్చారు. సున్నం పట్టే వేగం తగ్గలేదని 2022లో తేలింది. కాబట్టి ముందు కూర సంగతి చూసుకుందాము.

మన కోవిల్పట్టి వేరుశెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది, సంతోషమే. కాని వేరుశెనగలో 'కె' లేదనే చెప్పాలి. కోవిల్పట్టిలోనైనా, విరుదునగర్‌లోనైనా 'కీరై, కీరై' అని అమ్మే ఆకుకూర కట్టలలో అది దండిగా ఉన్నది. నూరు గ్రాముల పాలకూరలో సుమారు 480 మైక్రోగ్రాములు. అమెరికా వారి లెక్కలో రోజుకు కావలసినది ఆడవారికి 90, మగవారికి 120. ఇది కొవ్వులో కరిగేది గనుక తాలింపులో కాస్త నూనె ఉండాలి.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. మా బంధువులలో ఒక వదినగారు గుండె కవాటం మార్పించుకొని నెత్తురు పలచబరచే బిళ్ళ వాడుతున్నారు. మోకాళ్ళకు మంచిదని ఎవరో చెప్పగా నెల్లాళ్ళు రోజూ మునగాకు తిన్నారు. నెత్తురు పరీక్షలో బిళ్ళ గుణం తగ్గిపోయినట్లు కనిపించింది. కవాటం దగ్గర గడ్డ ఏర్పడి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరుగారు మందలించారు. ఆమె భయపడి ఆకుకూరే మానేశారు. అదీ తప్పేనట! అప్పుడు బిళ్ళ గుణం మితిమీరి నెత్తురు కారవచ్చును.

వార్ఫరిన్, అసెనోకుమరాల్ బిళ్ళలు 'కె' విటమిను పనిని అడ్డుకొనేవి. వాటిని వాడేవారు ఆకుకూర మానవద్దు, ఒక్కసారిగా పెంచనూవద్దు. వారం వారం ఒకే కొలత పాటించాలి. డాక్టరును అడగకుండా 'కె' బిళ్ళలు ముట్టవద్దు. పరీక్ష చీటీ చూపించేటప్పుడు, ఈమధ్య ఏ ఆకుకూర ఎంత తిన్నదీ కూడా ఆయనకు చెప్పండి.