జానెడు మట్టి లెక్క

అనంతపురం, శ్రీసత్యసాయి, కడప జిల్లాల గుట్టల మీద మట్టి లోతు చాలాచోట్ల జానెడుకు మించదు. నేలల సర్వే 25 సెంటీమీటర్లలోపు మట్టిని అతి తక్కువ లోతు నేలగా, 25 నుంచి 50 వరకు ఉంటే తక్కువ లోతు నేలగా లెక్కగడుతుంది. ఆ కింద ఉండేది పరుపు బండ, లేదంటే సగం చివికిన గరుసు. లోతైన ఎర్రనేలల్లో పై మట్టికీ మూలశిలకీ నడుమ బంకమన్ను చేరిన పొర ఒకటి ఏర్పడుతుంది. గుట్ట నేలకు అది ఏర్పడేంత వ్యవధి దొరకలేదు. పైన గడ్డివేళ్లతో కాస్త రంగు మారిన పలుచని మట్టి, ఆ వెంటనే రాయి, అంతే. రెవెన్యూ దస్తరాల్లో బంజరు అనో పోరంబోకు అనో రాసివున్న కొండభూముల్లో చాలా వరకు ఇలాంటివే.

ఈ మట్టి ఇంత పలుచగా ఉండటానికి వాన తక్కువ కావడం ఒక కారణం, వాలు మరొకటి. పెనుకొండ, లేపాక్షి చుట్టూ ఉన్న గ్రానైట్ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు, చలికి పెళ్లలు పెళ్లలుగా ఊడే ఈ రాయిలోని ఫెల్డ్‌స్పార్ నీరు తగిలి మెల్లగా బంకమన్నుగా మారుతుంది. క్వార్ట్‌జ్ మాత్రం మారదు, ముతక ఇసుకగా మిగులుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసేచోట ఈ పని వేల ఏళ్లు సాగితే తప్ప చెప్పుకోదగ్గ మందం రాదు. వాలు మీద కురిసిన ఒక్క జడివాన మాత్రం ఆ మందంలో కొంత గంటలో పట్టుకుపోతుంది. కడప వైపు పాలకొండలు, శేషాచలం మరీ మొండివి. అక్కడి క్వార్ట్‌జైట్ దాదాపు చివకదు. ఎర్రచందనం దేశంలో మరెక్కడా కాకుండా సహజంగా ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, ఇలాంటి రాతి పగుళ్లలో వేళ్లు దించి పెరుగుతుందన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

గుట్ట నేలలో రాళ్లను మట్టికి పట్టిన దోషంగా చూడటం అలవాటైపోయింది. నిజానికి ఇక్కడ రాయి కూడా నేలలో భాగమే. రెండు మిల్లీమీటర్లు దాటిన ప్రతి ముక్కనూ శాస్త్రం రాతిముక్కగానే లెక్కిస్తుంది. నేల ఘనపరిమాణంలో అవి మూడో వంతు దాటితే దాని స్వభావమే వేరు. శ్రావణంలో వాన వెలిసిన నాలుగో రోజున గుట్ట మీద అరచేయంత రాయి ఒకటి తిరగేస్తే దాని అడుగున మట్టి ఇంకా తడిగా, చల్లగా ఉంటుంది. తెల్లటి సన్న వేళ్లు రాయి కిందికి పాకి ఉంటాయి. పక్కనున్న ఖాళీ మట్టి అప్పటికే పొడిపొడి. రాయి చినుకు దెబ్బను ఆపుతుంది, ఆవిరిని అడ్డుకుంటుంది, వాలున పారే నీటిని నెమ్మది పరుస్తుంది. అయితే ఈ మేలు రాయి మట్టిపై వదులుగా కూర్చున్నప్పుడే. ఎర్రనేల వానకు మెత్తబడి, ఎండకు పైన పెచ్చు కడుతుంది. రాయి ఆ పెచ్చులో బిగుసుకుపోతే దాని మీద పడిన నీరంతా జారిపోతుంది తప్ప లోపలికి ఇంకదు. గుట్టకు మేలు చేసే రాయి, కీడు చేసే రాయి ఒకటే. అది కూర్చున్న తీరులోనే తేడా.

నీటి లెక్క వేస్తే ఈ నేల బలహీనత తేటతెల్లమవుతుంది. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టి పది సెంటీమీటర్ల మందంలో మొక్కకు అందే నీటిని సుమారు పది మిల్లీమీటర్లు దాచగలదు. జానెడు లోతులో సగం రాళ్లేనని అనుకుంటే మిగిలే మట్టి పన్నెండు సెంటీమీటర్లు, అది దాచే నీరు పన్నెండు మిల్లీమీటర్లు. వానాకాలపు ఎండ రోజున ఈ సీమలో గాలి లాగేసే తేమ ఐదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నిండా తడిసిన గుట్ట కూడా రెండు మూడు రోజుల్లో ఖాళీ. పచ్చదనం పలుచగా ఉంటే ఇంకొన్నాళ్లు. ఇంకో వైపు, ముప్పై మిల్లీమీటర్ల వాన పడినా, అరవై పడినా ఈ నేల పట్టుకునేది అదే పన్నెండు. కాబట్టి ఇక్కడ ఏడాది మొత్తం వాన ఎంత అన్న అంకె పెద్దగా ఏమీ చెప్పదు. వానకూ వానకూ నడుమ ఎడం ఎంత అన్నదే ప్రశ్న.

ఈ లెక్క గుట్టంతటికీ ఒకేలా వర్తించదు. నాలుగడుగులు కదిలితే లోతు మారిపోతుంది. బోడ బండ మీద పడిన నీరంతా దాని అంచున ఉన్న మట్టి జేబులోకి దిగుతుంది. అక్కడ కురిసిన వానకు కొన్ని రెట్లు నీరు అందుతుంది. బండ పగులులో చేరిన మట్టి పైకి గుప్పెడే కనిపించినా వేరు చాలా లోతుకు పోగలదు. గుట్టల మీద సీతాఫలం, బలుసు, రేగు బండల అంచున గుంపుగా కనిపించడం అందుకే. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ సీతాఫలానికి పేరు తెచ్చినవీ ఇలాంటి రాతి నేలలే.

పోషకాల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గ్రానైట్ పుణ్యమా అని పొటాష్‌కు పెద్దగా కొదవ ఉండదు. నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ, అవీ పైన ఉన్న రెండు మూడు అంగుళాల్లోనే. ఆ పైపొర పోతే కింద మళ్లీ మొదలుపెట్టడానికి ఏమీ ఉండదు.

ఆ పైపొరను పట్టి ఉంచేది గడ్డి. బోద గడ్డి, చీపురు గడ్డి దుబ్బులు కట్టి వేళ్లను పైపొరలో వలలా అల్లుతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో తెలంగాణవి 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌వి 1.76 కోట్లు. దాదాపు సగం గొర్రెలు ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి, వాటి మేతలో గుట్టల వాటా తక్కువేమీ కాదు. మేపడమే తప్పని కాపరులను తిట్టడం తేలిక. అసలు నష్టం మేపే కాలంలో ఉంది. తొలకరి తర్వాత కొత్త చిగురు పుట్టి వేరు నిలదొక్కుకునే నాలుగైదు వారాల్లో మంద ఎక్కితే తడిసిన మట్టి గిట్టల కింద కదిలిపోతుంది, దుబ్బు మళ్లీ తేరుకోదు. గడ్డి గింజ రాలాక మేపితే ఆ నష్టం చాలా తగ్గుతుంది.

కొండ దిగిన మట్టి ఎక్కడికి పోతుందో రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఎవరినీ అడగనక్కర్లేదు, చెరువులోకి. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. మంచి పనే. కానీ ఆ పూడికలో కొంత పైనున్న గుట్ట పోగొట్టుకున్న మట్టి. చెరువు అడుగున తవ్వుతూ, గుట్ట మీద మట్టి ఆపకపోవడం సగం పనే అవుతుంది. కరువు ప్రాంతాల పథకాలను సమీక్షించిన హనుమంతరావు కమిటీ 1994లోనే వాటర్‌షెడ్ పనుల తీరును సమూలంగా మార్చాలని చెప్పింది. పనులు కొండ నెత్తి నుంచి లోయకు దిగాలన్న సూత్రం ఆ తర్వాత అధికారుల నోట నానింది. ఆచరణలో మాత్రం యంత్రం ఎక్కగలిగే చోటే పని మొదలవుతుంది.

గుట్ట మీదికి చేరుతున్న పనులు కూడా నేల లోతు చూసి చేస్తున్నవి కావు. దేశపు బంజరు భూముల అట్లాస్ రాతి భూమినీ, పొదల భూమినీ బంజరు అన్న ఒకే శీర్షిక కిందికి తెస్తుంది. ఆ శీర్షిక కనిపించగానే మొక్కలు నాటే లక్ష్యం వచ్చిపడుతుంది. జానెడు మట్టి ఉన్నచోట మూరెడు గుంత తీస్తే ఉన్న మట్టంతా బయటికి వచ్చి, కింది గరుసు పైకి తేలుతుంది. గాలిమరల కోసం కొండ వెన్నున వేసిన బాటలు మరో రకం గాయం. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లి దీనికి సాక్ష్యం. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల గ్రామాలవాళ్లు తొంభైల నుంచి మంటలు ఆపి, మేత సర్దుకుని అక్కడి బోడ గుట్టలను నిలబెట్టుకున్నారు. ఎక్కువ చోట్ల వారు నాటిందానికన్నా దానంతటదే తిరిగొచ్చిందే ఎక్కువ. బోద గడ్డి కప్పుకు, ఈత చెట్లు బుట్టలకు పనికొచ్చాయి. తర్వాత అదే కొండల మీద గాలిమరలు, వాటి బాటలు వచ్చాయి. దస్తరాల్లో ఆ భూమి అప్పటికీ బంజరే.

గుట్టల మీద ఉపాధి హామీ పని రాసేముందు గడ్డపార దించి లోతు కొలవడానికి ఖర్చేమీ ఉండదు. ఆ కొలతను అంచనా పత్రంలో ఒక గడిగా చేర్చాలి. పాతిక సెంటీమీటర్లలోపు తేలిన చోట గుంతల పని ఆపి, వాలుకు అడ్డంగా రాతి వరుసలు పేర్చి, తొలకరి నెల మేత నిలిపేలా కాపరులతో మాట్లాడుకోవాలి. ఆ నెలకు మందలకు కావలసిన మేతను పశుసంవర్ధక శాఖ సమకూర్చాలి.